బొమ్మ ఆగాక వినిపించే వీరుడు: సూపర్‌హీరో సంగీత ఆల్బంలపై సింహావలోకనం

సినిమా సంగీతం అనగానే తెలుగు చెవికి ముందు పాటే తడుతుంది. ఆడియో విడుదలైందంటే పాటలొచ్చాయని అర్థం. పాటలు కాకపోతే మాటలు. ‘మాయాబజార్’, ‘దానవీరశూరకర్ణ’ సంభాషణలను రికార్డుల్లో, క్యాసెట్లలో విని కంఠతా పట్టిన తరాలు మనకున్నాయి. పాటా మాటా పోగా మిగిలేది రీరికార్డింగ్. అది బొమ్మతో పుట్టి బొమ్మతోనే పోయేదని మనం చాలాకాలం అనుకున్నాం. హాలీవుడ్ కూడా అలాగే అనుకుంది. గాయకుడు లేని ఆ సంగీతాన్ని డిస్కుకెక్కించి, ఇంట్లో కూర్చుని మొదటి నుంచి చివరిదాకా వినే అలవాటు అక్కడ బలపడటంలో, భుజాన వస్త్రం కట్టుకుని ఎగిరే వీరులది పెద్ద చెయ్యి.

1978లో వచ్చిన ‘సూపర్‌మ్యాన్’ నుంచి 2025లో వచ్చిన ‘సూపర్‌మ్యాన్’ దాకా ఈ దారిని ఒకసారి వెనక్కి తిరిగి చూస్తే రెండు మార్పులు కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. వీరుడి బాణీ రానురాను పొట్టిదయింది. వీరుడి ఆల్బం రానురాను పొడుగయింది. ఈ రెంటిలో ఏది ఎందుకు జరిగిందో, విన్నవాడికి ఏం మిగిలిందో తేల్చుకోవడమే ఈ వ్యాసం పని.

వీరుడు రాకముందు

హాలీవుడ్ తెరకు వాద్యబృందపు హంగు 1930లలోనే వచ్చింది. ‘కింగ్ కాంగ్’కు మాక్స్ స్టైనర్, ‘రాబిన్ హుడ్’కు ఎరిక్ వోల్ఫ్‌గాంగ్ కోర్న్‌గోల్డ్ రాసిన సంగీతం వియన్నా ఒపేరా చెట్టు కొమ్మే. కానీ సినిమా వెళ్లిపోయాక ఆ సంగీతం వినే దారి ఉండేది కాదు. 1942లో ‘జంగిల్ బుక్’కు మిక్లోష్ రోజా కట్టిన సంగీతం 78 భ్రమణాల డిస్కుల సంపుటిగా రావడం ఆ రోజుల్లో అరుదైన సంగతి. ఆ డిస్కుల్లో కథ చెప్పే గొంతు మైసూరు ప్రాంతం నుంచి హాలీవుడ్‌కు వెళ్లిన సాబుది. అంటే సంగీతం ఒక్కటే నిలవగలదన్న నమ్మకం అప్పటికింకా కుదరలేదు, పక్కన ఒక కథకుడు కావలసి వచ్చాడు.

1960లు వచ్చేసరికి హాలీవుడ్ నిర్మాతలకు వాద్యబృందం పాతబడింది. రికార్డుగా అమ్ముడుపోయే పాట కావాలన్నారు. 1966 నాటి టీవీ ‘బ్యాట్‌మ్యాన్’కు నీల్ హెఫ్టీ ఇచ్చింది గిటారు మీద గిరికీలు కొట్టే హుషారు బాణీ. వీరుడంటే వేళాకోళం, సంగీతమూ అలాగే. ఈ గాలికి ఎదురుగా 1972లో చార్లెస్ గెర్హార్ట్ లండన్‌లో కోర్న్‌గోల్డ్ సినిమా సంగీతాన్ని మళ్లీ వాయించి, రికార్డు చేసి విడుదల చేశాడు. బొమ్మ లేకపోయినా ఈ సంగీతానికి శ్రోతలున్నారని ఆ రికార్డు రుజువు చేసింది. 1977లో జాన్ విలియమ్స్ ‘స్టార్ వార్స్’ రెండు ఎల్పీల ఆల్బం లక్షల్లో అమ్ముడవడంతో వ్యాపారులకూ అనుమానం తీరింది.

1978: నాలుగు ముఖాల మీద ఒక జీవితం

రిచర్డ్ డానర్ ‘సూపర్‌మ్యాన్’కు మొదట అనుకున్నది జెర్రీ గోల్డ్‌స్మిత్‌ను. తేదీలు కుదరక అది విలియమ్స్ చేతికొచ్చింది. లండన్ సింఫనీ ఆర్కెస్ట్రాతో డెన్హామ్‌లోని ఆన్విల్ స్టూడియోలో రికార్డు చేశారు. అదే ఏడాది రెండు ఎల్పీల ఆల్బం వచ్చింది.

ఆ ఆల్బం మొదటి ముఖం తెరిస్తే ముందు దూరంగా ఒక ట్రంపెట్ పిలుపు. అడుగున బాస్ తంత్రులు ఒకే నడకను పట్టుకుని వదలవు. దాని మీద మూడేసి స్వరాల గుంపులు మెట్లెక్కుతాయి. వింటున్నవాడు ఇక ఆగలేననుకునే చోట అసలు మార్చ్ మొదలవుతుంది. షడ్జ పంచమాల మధ్య ఎగిరే ఆ పలుకును మనవాళ్లెవరైనా ఒక్కసారి విని పాడగలరు. మార్చ్ మధ్యలో తంత్రీవాద్యాలు ప్రేమ బాణీని అందుకుంటాయి, తర్వాత మళ్లీ బూరలు. నాలుగైదు నిమిషాల్లో వీరుడి బలం, మెత్తదనం, మళ్లీ బలం. పల్లవి, చరణం, మళ్లీ పల్లవి అన్న కట్టుబడికి అలవాటైన చెవికి ఇందులో పరాయితనం ఏమీ తోచదు.

ఇక్కడ గమనించవలసింది విలియమ్స్ రికార్డును సినిమాకు నకలుగా పేర్చకపోవడం. కథలో వీరుడు క్లార్క్ ఇల్లు విడిచి వెళ్లాకే ప్రేయసి లోయిస్ పరిచయం. ఆల్బంలో మాత్రం ప్రేమ బాణీ ముందొచ్చి, ఇల్లు విడిచే ఘట్టం దాని తర్వాత వస్తుంది. ఎల్పీకి ఒక్కో వైపు ఇరవై, ఇరవై అయిదు నిమిషాల హద్దు. ప్రతి వైపూ ఒక ఎత్తుగడతో మొదలై ఒక ముగింపు మీద ఆగాలి. ఆ హద్దే కట్టుబడి అయింది. పొలాల మీద సాగే ఆ వీడ్కోలు ఘట్టాన్ని వింటే, అది ముగిశాక కూడా ఆ సంగీతం కాసేపు మనతో ఉంటుంది. విలన్ల కోసం రాసిన వెటకారపు మార్చ్ కూడా కథలోని చోటు కోసం కాకుండా, రెండు బరువైన ఘట్టాల మధ్య ఊపిరి పీల్చుకోవడానికి పెట్టినట్టుంటుంది.

ఆస్కార్ ఆ ఏడాది ‘మిడ్‌నైట్ ఎక్స్‌ప్రెస్’కు సింథసైజర్ల మీద సంగీతం కట్టిన జోర్జియో మోరోడర్‌కు వెళ్లింది. గ్రామీలు విలియమ్స్‌కు వచ్చాయి. సినిమా అకాడమీ ఒకటి తలిస్తే రికార్డుల అకాడమీ మరొకటి మెచ్చింది. ఈ తేడా సూపర్‌హీరో సంగీతం కథలో ఇంకోసారి కనిపిస్తుంది.

1989: ఒకే సినిమా, రెండు రికార్డులు

పదకొండేళ్ల తర్వాత టిమ్ బర్టన్ ‘బ్యాట్‌మ్యాన్’తో సూపర్‌హీరో పగటి నుంచి రాత్రికి మళ్లాడు. సంగీతం డానీ ఎల్ఫ్‌మన్. రాక్ బృందం నడిపినవాడు, సంగీత కళాశాల గడప తొక్కనివాడు. లండన్‌లో సెట్టు చూసి విమానంలో తిరిగొస్తుంటే బాణీ తట్టిందని, మరిచిపోకుండా మాటిమాటికీ విమానం బాత్రూంలోకి వెళ్లి చిన్న టేప్ రికార్డర్‌లో కూనిరాగం తీశానని అతను చాలాసార్లు చెప్పాడు. ఆ కూనిరాగాన్ని పెద్ద వాద్యబృందానికి విస్తరించడంలో స్టీవ్ బార్టెక్, దాన్ని నిర్వహించి వాయింపజేయడంలో షర్లీ వాకర్ తోడయ్యారు.

బాణీ అంతా కలిపి అయిదు స్వరాలు. మన లెక్కలో స, రి, గ, ధ, ప. గాంధారం సాధారణం, ధైవతం శుద్ధం. పైకెక్కి, శుద్ధ ధైవతం అంచున ఒక్క క్షణం వేలాడి, పంచమం మీదికి ఒరిగే ఆ పలుకులోనే చీకటి ఉంది. విలియమ్స్ మార్చ్ పూర్తి వాక్యమైతే ఇది ఆ వాక్యంలో ఒక్క మాట. పూర్తి కాదు కాబట్టే ఎక్కడైనా ఇముడుతుంది. గంట మోతలో, ఆర్గన్‌లో, పిల్లల పెట్టె వాద్యంలాంటి చిరు మోతలో, చివరికి గంటస్తంభం మీది వాల్ట్జ్ నాట్యం పక్కన కూడా అదే పలుకు రూపం మార్చుకుని ఎదురవుతుంది.

వ్యాపారం మాత్రం రెండు పడవల మీద నడిచింది. జూన్‌లో ప్రిన్స్ పాటల ఆల్బం వచ్చి అమెరికా పట్టికలో మొదటి స్థానం పట్టింది. ఎల్ఫ్‌మన్ వాద్యసంగీతం విడి ఆల్బంగా ఆగస్టులో వచ్చింది. ఒకే సినిమాకు పాటలొక డిస్కు, నేపథ్య సంగీతమొక డిస్కు అన్న పద్ధతి అప్పటి నుంచి స్థిరపడింది. 1995 ‘బ్యాట్‌మ్యాన్ ఫరెవర్’, 2002 ‘స్పైడర్‌మ్యాన్’, 2012 ‘అవెంజర్స్’, 2018 ‘బ్లాక్ పాంథర్’ అన్నీ ఆ బాటే పట్టాయి. పాటల డిస్కు సినిమా ప్రచారానికి, వాద్యాల డిస్కు ఓపికున్న శ్రోతకు. అమ్మకాల్లో పెద్దన్న మొదటిదే. ముప్ఫై అయిదేళ్ల తర్వాత ఎవరైనా బ్యాట్‌మ్యాన్ గురించి కూనిరాగం తీస్తే మాత్రం వచ్చేది ఎల్ఫ్‌మన్ అయిదు స్వరాలే.

అరగంట ఆల్బం వెనక లెక్కలు

1980లు, 90లలో ఈ రకం ఆల్బంలు చాలావరకు అరగంటకే ముగిసేవి. సీడీలో 74 నిమిషాలు పట్టే చోటున్నా సగం ఖాళీ. ఇందులో కళ కన్నా కూలి లెక్క ఎక్కువ. అమెరికా వాద్యకారుల సంఘం ఒప్పందం ప్రకారం, సినిమా కోసం వాయించిన సంగీతాన్ని డిస్కుగా అమ్మితే వాద్యకారులకు మళ్లీ చెల్లించాలి. తొంభైమంది బృందం, గంట సంగీతం అంటే చిన్న రికార్డు కంపెనీ భరించలేని మొత్తం. లండన్‌లో రికార్డు చేసినవాటికి ఆ భారం ఆ తీరున లేదు. ‘సూపర్‌మ్యాన్’, ‘బ్యాట్‌మ్యాన్’ ఆల్బంలు నిండుగా రావడానికి అదీ ఒక కారణం.

సంగీతం మీద డబ్బా ఎంత అధికారం చెలాయిస్తుందో చెప్పడానికి ‘సూపర్‌మ్యాన్’ ఎల్పీ సీడీగా మారిన తీరు చాలు. నాలుగు ముఖాల సంగీతం ఒక్క సీడీలో పట్టక రెండు ఘట్టాలను తీసేశారు. తర్వాత పాత టేపులు వెతికి, శుభ్రం చేసి 2000లో రెండు డిస్కుల సంచిక తెచ్చారు. 2008లో 1978 నుంచి 1988 దాకా వచ్చిన సూపర్‌మ్యాన్ సంగీతమంతా ఎనిమిది డిస్కుల పెట్టెగా వచ్చింది. పరిమిత సంఖ్యలో అచ్చయ్యే ఇలాంటి సంచికలకు సంఘం రుసుము సడలించడంతో ఒక కొత్త శ్రోతవర్గం పుట్టింది. తీసేసిన ముక్క, వాడని ముక్క, రెండోసారి వాయించిన ముక్క అన్నీ కావాలనే వర్గం అది. చరిత్రకారుడికి అవి నిధి. వినోదం కోసం వినేవాడికి విలియమ్స్ తానే పేర్చిన ఎల్పీ వరసే ఇప్పటికీ మేలు.

ఈ కాలంలో అసలు అన్యాయం జరిగింది షర్లీ వాకర్‌కు. 1992లో మొదలైన ‘బ్యాట్‌మ్యాన్’ యానిమేషన్ ధారావాహికకు వారం వారం నిజమైన వాద్యబృందంతో కొత్త సంగీతం వాయింపజేసిందామె. 1993లో అదే బృందం తీసిన ‘మాస్క్ ఆఫ్ ది ఫాంటజమ్’ ఆరంభంలో లాటిన్‌లా మోగే బృందగానం ఉంది. ఆ మాటలు నిజానికి సిబ్బంది పేర్లు తిరగేసి పాడించినవి. ఆ గంభీరత చాటున చిలిపితనం అది. టీవీ సంగీతానికి మాత్రం డిస్కు యోగం చాలా ఆలస్యంగా, 2008లో పట్టింది. ఆమె 2006లోనే కన్నుమూసింది.

రెండు స్వరాలు, ఆపై ఒక్కటే

2005లో క్రిస్టఫర్ నోలన్ ‘బ్యాట్‌మ్యాన్ బిగిన్స్’కు హాన్స్ జిమ్మర్, జేమ్స్ న్యూటన్ హోవార్డ్ కలిసి పనిచేశారు. వీరుడి బాణీ రెండు స్వరాలకు దిగింది. షడ్జం, దాని మీద సాధారణ గాంధారం, అంతే. బూరలు ఊపిరి నింపుకుని లేచినట్టు ఆ రెండూ లేస్తాయి, మూడోది రాదు. ఇంకా పూర్తిగా వీరుడు కానివాడికి పూర్తి బాణీ ఇవ్వడం తగదన్నది వారి వాదన. ఆల్బంలోని పన్నెండు ఘట్టాలకూ గబ్బిలాల జాతుల లాటిన్ పేర్లు పెట్టారు. నాలుగు నుంచి తొమ్మిది దాకా పేర్ల మొదటి అక్షరాలు కూడితే వీరుడి పేరు వస్తుంది. ఘట్టం పేరు కథ చెప్పకూడదు, శ్రోత కథను వెతక్కుండా వినాలి అన్న ఆలోచన అందులో ఉంది.

2008 ‘ద డార్క్ నైట్’లో ప్రతినాయకుడు జోకర్‌కు రెండు కూడా ఎక్కువైంది. చెల్లో మీద ఒకే స్వరం, కమాను ఒత్తిడి పెరిగేకొద్దీ బిగుసుకుంటూ, జారుతూ, గీరుతూ సాగుతుంది. ఆల్బంలో మొదటి ఘట్టం అదే, నిడివి తొమ్మిది నిమిషాల పైచిలుకు. సినిమాలో ఆ సంగీతం ముక్కలుగా వస్తుంది, ఇక్కడ ఒక్క ఊపులో. మూడో నిమిషం దాటాక అంతా సద్దుమణిగి, చెవికన్నా గుండెకు ముందు తగిలే అడుగు స్థాయి మోత వస్తుంది. స్పీకర్ల సత్తా చూసుకోవడానికి ఆడియో ప్రియులు ఇప్పటికీ దాన్నే పెడతారు. ఒక్క స్వరంతో తొమ్మిది నిమిషాలు కూర్చోబెట్టడం చిన్న విద్య కాదు. బాణీ లేదని పెదవి విరిచేవాళ్లు ఈ ఘట్టాన్ని దీపాలార్పి ఒకసారి వినాలి.

ఈ సంగీతానికి పత్రాల్లో అయిదుగురి పేర్లున్నాయన్న కారణంతో ఆస్కార్ సంగీత విభాగం ముందు అనర్హమంది, తర్వాత మనసు మార్చుకుంది, చివరికి నామినేషన్ ఇవ్వలేదు. గ్రామీ మాత్రం ఇచ్చింది. 1978 నాటి చీలికే మళ్లీ. ఒక్కడు కూర్చుని స్వరలిపి రాయడం పోయి, బృందమంతా శబ్దాన్ని చెక్కే పద్ధతి వచ్చిందని చెప్పడానికి ఆ గొడవే సాక్ష్యం.

2013 ‘మ్యాన్ ఆఫ్ స్టీల్’కు జిమ్మర్ పన్నెండుమంది డ్రమ్మర్లను ఒకచోట కూర్చోబెట్టాడు. దాని పెద్ద సంచికలో ఒక విశేషం ఉంది. సినిమాకు ముందు తాను గీసుకున్న చిత్తుప్రతిని ఇరవై ఎనిమిది నిమిషాల ఏక ఘట్టంగా చేర్చాడు. బొమ్మ చూసి కొలత తీసుకోకముందు ఆలోచన ఎలా పారిందో అందులో వినిపిస్తుంది. ఆల్బం మొత్తానికి ఆ చిత్తే మేలైన భాగమని నా అభిప్రాయం.

మార్వెల్ మరుపు, మార్వెల్ జ్ఞాపకం

అదే దశాబ్దంలో మార్వెల్ సినిమాలు వరసకట్టాయి. 2016లో ‘ఎవ్రీ ఫ్రేమ్ ఎ పెయింటింగ్’ అనే వీడియో వ్యాస బృందం దారిన పోయేవాళ్లను ఆపి ఒక మార్వెల్ బాణీ పాడమంది. ‘స్టార్ వార్స్’ పాడినవాళ్లు మార్వెల్ దగ్గర తెల్లమొహం వేశారు. కారణంగా ఆ వీడియో చూపింది తాత్కాలిక సంగీతాన్ని. కూర్పు వేళ దర్శకుడు మరో సినిమా సంగీతాన్ని కిందేసుకుని దృశ్యాలు అతుకుతాడు, నెలల తరబడి వింటాడు, తర్వాత స్వరకర్తను అచ్చం అలాంటిదే అడుగుతాడు. నకలుకు నకలు తయారవుతుంది. వాటి ఆల్బంలు వింటే ఆ మాటలో నిజం తెలుస్తుంది. ఒక ఘట్టం ఎక్కడ ఆగి మరొకటి ఎక్కడ మొదలైందో చాలాచోట్ల పోల్చుకోలేం.

కానీ ఆ తీర్పుకు ఒక సవరణ అవసరం. 2012 ‘అవెంజర్స్’కు అలన్ సిల్వెస్ట్రీ ఇచ్చిన బాణీ మొదటిసారి విన్నప్పుడు మామూలు వీర సంగీతమే. 2018, 2019 సినిమాలకు అతను తిరిగొచ్చి అదే బాణీని దాచి దాచి వాడాడు. ‘ఎండ్‌గేమ్’లో పోయినవాళ్లంతా ద్వారాల్లోంచి నడిచొచ్చే ఘట్టం, ఆల్బంలో మూడు నిమిషాల పైచిలుకే. అడుగు స్వరాలతో మొదలై, బృందగానం కలిసి, చివర ఆ బాణీ పూర్తిగా విచ్చుకుంటుంది. ఏడేళ్ల జ్ఞాపకం ఉన్నవాడికి అది రోమాంచితం, లేనివాడికి మంచి వాద్యసంగీతం. బాణీకి బలం స్వరాల్లో ఎంతుందో, ఓర్పుగా మళ్లీ మళ్లీ వాడటంలోనూ అంత ఉంది.

‘బ్లాక్ పాంథర్’ కోసం లుద్విగ్ యోరాన్సన్ సెనెగల్ వెళ్లి గాయకుడు బాబా మాల్ వెంట తిరిగాడు. మాట్లాడే డోలు ‘తామా’ మీద వీరుడి పేరే పలికించాడు. ఆ డోలు మోత వెనక పాశ్చాత్య బూరలు నిలబడతాయి. ప్రతినాయకుడికి ఫులా వేణువు, దాని పక్కన హిప్‌హాప్ దరువు. 2019లో దీనికి ఆస్కార్ వచ్చింది. మరుసటి ఏడాది ‘జోకర్’కు ఐస్‌లాండ్ చెల్లో కళాకారిణి హిల్దుర్ గుద్నదోత్తిర్ అదే బహుమతి అందుకుంది. కథ చదివి షూటింగ్‌కు ముందే ఆమె రాసిన సంగీతాన్ని సెట్టులో వినిపిస్తే వాకీన్ ఫీనిక్స్ దానికి నాట్యం చేశాడు. ఆ ఆల్బం నిడివి నలభై నిమిషాలు కూడా లేదు. ఒంటరి చెల్లో వెనక పెద్ద వాద్యబృందం నీడలా పెరుగుతూ వస్తుంది. ఎక్కడా ఒక్క నిమిషం కోసెయ్యాలనిపించదు.

మన వైపు

తెలుగులోనూ 1980లో ఒక ‘సూపర్‌మ్యాన్’ ఉన్నాడు. వీరుడు ఎన్టీఆర్, సంగీతం చక్రవర్తి. అప్పటి పద్ధతి ప్రకారం ఇంటికి చేరింది పాటలే. రీరికార్డింగ్‌కు విడి జీవితం దొరకడానికి మనకు ఇంకా చాలా ఏళ్లు పట్టింది. కీరవాణి ‘బాహుబలి’ నేపథ్య సంగీతం భాగాలు భాగాలుగా విడుదలైంది. 2019 అక్టోబరులో లండన్ రాయల్ ఆల్బర్ట్ హాల్‌లో బొమ్మ ఆడుతుండగా రాయల్ ఫిల్‌హార్మోనిక్ కన్సర్ట్ ఆర్కెస్ట్రా దాన్ని ఎదుట వాయించింది. 2024లో ‘హను-మాన్’ తెలుగు సూపర్‌హీరోకు పెద్ద తెర మీద పీట వేసింది. బీజీఎం అన్న మాట ఇప్పుడు కుర్రకారు నోట పాటతో సమానంగా నలుగుతోంది. ఇంకా రావలసింది స్వరకర్త తానే కూర్చుని, కోసి, పేర్చి, ఇదీ నా రికార్డు అని ఇచ్చే ఆల్బం.

తేలిన లెక్క

స్ట్రీమింగ్ వచ్చాక డిస్కు హద్దు పోయింది. 2022 ‘ద బ్యాట్‌మ్యాన్’కు మైకేల్ జకీనో ఇచ్చిన ఆల్బం రెండు గంటలకు దగ్గర. అందులోని నాలుగు స్వరాల అడుగుల చప్పుడు ఎంత బలమైనదైనా, అన్ని ఘట్టాల్లో అన్నిసార్లు ఎదురయ్యేసరికి దాని భయం తగ్గిపోతుంది. చివర పియానో మీద విడిగా వాయించిన పన్నెండు నిమిషాల రచన దగ్గర మాత్రం జకీనో మళ్లీ శ్రోతను తలుచుకుంటాడు. సినిమాకు ఇచ్చిన బాణీలే అక్కడ స్వతంత్ర రచనగా నిలబడ్డాయి.

కాబట్టి బాణీ పొట్టిదవడం కీడు కాదు. అయిదు స్వరాలతో, రెంటితో, ఒక్కదానితో కూడా గొప్ప రికార్డులు వచ్చాయి. కీడు జరిగింది ఎంపిక మానేసిన చోట. ఎల్పీ అంచు, సీడీ నిమిషాలు, కూలి లెక్క స్వరకర్తను ఏది ఉంచాలో తేల్చుకోమని ఒత్తిడి చేశాయి. స్ట్రీమింగ్ ఆ ఒత్తిడిని తీసేసింది. తీసేశాక కూడా తమంతట తామే కోత పెట్టుకున్నవాళ్లవే నిలుస్తున్నాయి. ఈ వరసలో కొత్తగా మొదలుపెట్టేవాళ్లు 1978 విలియమ్స్, 1989 ఎల్ఫ్‌మన్, 2008లో జిమ్మర్ తొలి ఘట్టం, 2019 గుద్నదోత్తిర్ వింటే ఈ యాభై ఏళ్ల సారం దాదాపు చేతికందుతుంది.

2006లో ‘సూపర్‌మ్యాన్ రిటర్న్స్’కు జాన్ ఆట్‌మన్, 2025లో కొత్త ‘సూపర్‌మ్యాన్’కు జాన్ మర్ఫీ, డేవిడ్ ఫ్లెమింగ్ తమ సంగీతం తాము రాసుకుంటూనే విలియమ్స్ మార్చ్‌ను అరువు తెచ్చుకున్నారు. రెండోసారి అది ఎలక్ట్రిక్ గిటారు మీద కూడా మోగింది. ఇన్ని కోట్లు పోసి తీసే పరిశ్రమ పాత బాణీ దగ్గరికే చేయి చాచిందంటే అందులో మక్కువ ఎంతుందో, అప్పు అంత ఉంది. ఆ అప్పు తీరాలంటే ఇంకో మార్చ్ రావాలి. అది వచ్చినప్పుడు, మొదట పడే పరీక్ష థియేటర్లో కాదు, బొమ్మ తోడు లేని ఇంటి స్పీకర్ల దగ్గర.